ప్రశ్న అడగడానికి మనిషి దొరకని ఎన్నిక

2024 మార్చి 16న లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడింది. ఆ రాత్రి ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు ప్రశ్నలు రాసుకున్నాను. ఓటు అడగడానికి మా ఇంటికి ఏ పార్టీ అభ్యర్థి వచ్చినా సరే, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి అడగాలనుకున్నాను. మొదటిది: కేంద్ర పన్నుల్లో మనకు వచ్చే వాటా ఎందుకు తగ్గుతూ వస్తోంది? రెండోది: 2026 తర్వాత జనాభాను బట్టి లోక్‌సభ సీట్లు మళ్ళీ పంచితే మన సీట్ల సంగతేమిటి? మూడోది: రాష్ట్ర విభజన చట్టం పదేళ్ళ గడువు ఈ జూన్ 2న ముగుస్తోంది, తేలని పంపకాల మాటేమిటి?

హైదరాబాదులో పోలింగు మే 13న. అంటే మధ్యలో యాభై ఎనిమిది రోజులు. అన్ని రోజుల్లో మా వీధిలోకి మైకు కట్టిన ఆటో నాలుగైదుసార్లు వచ్చింది. పాట వినిపించి మలుపు తిరిగిపోయింది. ఫోనుకు రికార్డు చేసిన గొంతులు వచ్చాయి. చివరి వారంలో బూత్ స్థాయి అధికారి ఓటరు చీటీ ఇచ్చి వెళ్ళారు. అభ్యర్థి మాత్రం రాలేదు. అభ్యర్థి తరఫున మాట్లాడగలిగిన మనిషి కూడా రాలేదు. కాగితం సొరుగులోనే ఉండిపోయింది.

అంతకు ఐదారు నెలల ముందు శాసనసభ ఎన్నికలప్పుడు ఇదే వీధిలో మనుషులు ఒకరి తర్వాత ఒకరు గేటు తట్టారు. టిఫిన్ బండి దగ్గర పొద్దున్నే వాదనలు మొదలయ్యేవి. లోక్‌సభ ఎన్నికలకు అదే బండి దగ్గర ఊసు లేదు. బండి నడిపే ఆవిడను అడిగితే, "ఎమ్మెల్యే అయితే మా పని పడుతుంది సార్. ఎంపీతో మాకేం పని?" అన్నారు. ఆ మాటను తెలియనితనం కింద కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. ఆవిడ చెప్పింది తన అనుభవం. అది ఎలా నిజమైందో తెలుసుకోవాలన్నదే ఈ వ్యాసం.

ముందు అంకెలు చూద్దాం. తెలంగాణలో 2018 డిసెంబరు శాసనసభ ఎన్నికల్లో 73 శాతానికి పైగా ఓటు వేశారు. నాలుగు నెలలు తిరిగి 2019 ఏప్రిల్లో లోక్‌సభ ఎన్నికలు వచ్చేసరికి అది 63 శాతం దగ్గరకు పడిపోయింది. 2023 నవంబరు శాసనసభ ఎన్నికల్లో మళ్ళీ 71 శాతం, 2024 మే లోక్‌సభ ఎన్నికల్లో 65.67 శాతం. ఓటర్లు వాళ్ళే, పోలింగు కేంద్రాలు అవే. మారింది ఎన్నిక. హైదరాబాదు నియోజకవర్గంలో 2024లో 48.48 శాతమే ఓటు వేశారు. నగరాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఇల్లు మారిపోయినవారి పేర్లు, రెండు చోట్ల ఉన్న పేర్లు జాబితాలో మిగిలిపోతాయి కాబట్టి శాతం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. పైగా మే 13నే ఆంధ్రప్రదేశ్‌లోనూ పోలింగు. విజయవాడ వైపు వెళ్ళే బస్సులు, రైళ్ళు ఓటు కోసం సొంత ఊళ్ళకు పోయేవారితో కిక్కిరిశాయి. ఇవన్నీ తీసివేసినా, ఒకే రాష్ట్రంలో రెండు ఎన్నికల మధ్య కనిపించే ఆ తేడా చెరిగిపోదు.

అదే రోజు ఆంధ్రప్రదేశ్‌లో 81.86 శాతం పోలింగు నమోదైంది. అక్కడ ఎన్నిక చప్పగా సాగిందని ఎవరూ అనలేరు. కానీ ఆ హోరు దేని గురించి? శాసనసభకు, లోక్‌సభకు ఒకేసారి ఎన్నిక జరిగింది. మాట్లాడినదంతా ముఖ్యమంత్రి పదవి గురించి, పింఛన్ల గురించి, రాజధాని గురించి. ఎంపీ ఓటు ఎమ్మెల్యే ఓటు వెంట నడిచి వెళ్ళింది. తెలంగాణలో లోక్‌సభ ఎన్నిక నిశ్శబ్దంలో పోయింది, ఆంధ్రలో హోరులో పోయింది. రెండు చోట్లా పోయింది మాత్రం ఒక్కటే: ఢిల్లీలో మన తరఫున ఎవరు, ఏం మాట్లాడాలి అన్న చర్చ. ప్రచారం చప్పగా ఉందని నేను బాధపడేది జెండాలు, డప్పులు లేవని కాదు. ఆ చర్చ లేదని.

గోడ రాతలు పోయినందుకు, రాత్రి పదింటి తర్వాత మైకులు ఆగినందుకు నాకు చింత లేదు. టి.ఎన్. శేషన్ 1990 నుంచి 1996 వరకు ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఉన్న కాలంలో ప్రవర్తనా నియమావళికి పళ్ళు మొలిచాయి. దానివల్ల వీధుల్లో చప్పుడు తగ్గింది, జనానికి ఊపిరాడింది. చప్పుడు తగ్గిన చోట మాట పెరగాలి కదా. అది ఎందుకు పెరగలేదన్నదే నా ప్రశ్న.

పన్నెండు రోజులు, ముప్పై ఏడు లక్షల మంది

దేశం మొత్తానికి చూస్తే 2024 ఎన్నిక చాలా పొడవైనది. షెడ్యూలు ప్రకటన నుంచి లెక్కింపు వరకు 81 రోజులు. ఏప్రిల్ 19న మొదలైన పోలింగు ఏడు విడతల్లో జూన్ 1 దాకా సాగింది. దానికంటే పొడవుగా సాగినది 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి వరకు జరిగిన మొట్టమొదటి ఎన్నిక ఒక్కటే. 1980లో అయితే జనవరి 3 నుంచి 6 లోపల పోలింగు పూర్తయింది.

కానీ ఏ నియోజకవర్గం లెక్క దానిది. తెలంగాణలో నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది, నామినేషన్ల ఉపసంహరణ గడువు ఏప్రిల్ 29న ముగిసింది. బరిలో ఎవరున్నారో ఓటరుకు ఖాయంగా తెలిసేది ఆ సాయంత్రమే. చట్టం ప్రకారం పోలింగు ముగిసే సమయానికి నలభై ఎనిమిది గంటల ముందు ప్రచారం ఆగిపోవాలి కాబట్టి మే 11 సాయంత్రానికి మైకులు మూగబోయాయి. అంటే అసలు ప్రచారం పన్నెండు రోజులు. ఉపసంహరణ గడువుకు, పోలింగుకు మధ్య కనీసం ఇరవై రోజులు ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో పూర్వం ఉండేది. 1996లో దాన్ని పద్నాలుగుకు కుదించారు. అభ్యర్థుల ఖర్చు తగ్గుతుందన్న మంచి ఉద్దేశం అందులో ఉంది. కానీ అభ్యర్థిని నిలదీయడానికి ఓటరుకు దొరికే వ్యవధి కూడా దానితోనే తగ్గింది. దేశానికి ఎనభై రోజుల నిరీక్షణ, ఓటరుకు పన్నెండు రోజుల పరిచయం: ఈ రెండూ ఒకేచోట కలిసినప్పుడు విసుగు రాకుండా ఎలా ఉంటుంది?

ఆ పన్నెండు రోజుల్లో అభ్యర్థి ఎంతమందిని కలవగలరో చూడండి. ఓటర్ల సంఖ్యలో దేశంలోకెల్లా పెద్ద నియోజకవర్గం మన మల్కాజిగిరి. 2024లో అక్కడ 37 లక్షల 79 వేల మందికి పైగా ఓటర్లున్నారు. రోజుకు పన్నెండు గంటల చొప్పున పన్నెండు రోజులూ విశ్రాంతి లేకుండా తిరిగినా, సెకనుకు ఏడుగురిని పలకరిస్తే తప్ప అందరినీ చూడలేరు. లక్షద్వీప్‌లో ఓటర్లు 58 వేల లోపే. అక్కడా ఒక ఎంపీయే, ఇక్కడా ఒక ఎంపీయే. 1951-52లో దేశమంతా కలిపి 17 కోట్ల పైచిలుకు ఓటర్లు, 489 సీట్లు. సగటున సీటుకు మూడున్నర లక్షల మంది. 2024లో దాదాపు 97 కోట్ల మందికి 543 సీట్లు. సగటు 18 లక్షల దగ్గరకు వచ్చింది. 1976లో రాజ్యాంగ సవరణ చేసి 1971 జనాభా లెక్కల దగ్గరే రాష్ట్రాలవారీ సీట్లను నిలిపివేశారు. 2001లో ఆ నిలుపుదలను 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించారు. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదన్నది దాని ఉద్దేశం. దక్షిణాదివాడిగా నేను దాన్ని సమర్థిస్తాను. అయినా ఎంపీకి, ఓటరుకు మధ్య దూరం యాభై ఏళ్ళుగా పెరుగుతూ వచ్చిందన్నది నిజం.

ఖర్చు నిబంధనలు కూడా అభ్యర్థిని తెరవెనక్కి నెడతాయి. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షల రూపాయలు. మల్కాజిగిరి లెక్కన ఓటరుకు రెండున్నర రూపాయలు. పార్టీ ఖర్చుకు మాత్రం పరిమితి లేదు. అభ్యర్థి పేరు, బొమ్మ లేకుండా పార్టీ తన పేరుతో చేసుకునే ప్రచారం అభ్యర్థి లెక్కలోకి రాదు. నలభై మంది దాకా ఉండే స్టార్ ప్రచారకుల ప్రయాణ ఖర్చులూ రావు. దాంతో డబ్బు ఎటు ప్రవహిస్తుందో చెప్పనక్కర్లేదు. వీధి మలుపులో ఢిల్లీ నాయకుడి నిలువెత్తు బొమ్మ ఉంటుంది, మనకు ఓటు కావలసిన మనిషి ముఖం ఉండదు. దీనికి నాయకుల వ్యామోహం ఒక కారణమైతే, చట్టంలోని ఈ ఏర్పాటు మరో కారణం. రెండో దాన్ని మనం గమనించం.

సభలో నోరు, పార్టీ చేతిలో

ఇంత దూరం దాటుకుని ఒక అభ్యర్థి మా ఇంటికి వచ్చి ఉంటే ఏం జరిగేది? నా మూడు ప్రశ్నలకు ఆయన ఏం చెప్పగలిగేవారు? ఇక్కడే ఈ చప్పదనానికి అసలు మూలం ఉందని నా నమ్మకం.

1985లో 52వ రాజ్యాంగ సవరణ ద్వారా పదో షెడ్యూలు వచ్చింది. పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం అని మనం పిలిచేది దాన్నే. గెలిచాక పార్టీ మారేవారిని ఆపడానికి తెచ్చారు. ఆ రోజుల్లో అది అవసరమే. కానీ అందులోనే మరో నిబంధన ఉంది. పార్టీ విప్ జారీ చేస్తే సభ్యుడు దాని ప్రకారమే సభలో ఓటు వేయాలి. ధిక్కరిస్తే సభ్యత్వం పోవచ్చు. 1992లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థిస్తూనే, ఇలాంటి కఠినమైన ఆదేశాన్ని ప్రభుత్వ మనుగడ, పార్టీ ప్రధాన విధానాల వంటి సందర్భాలకు పరిమితం చేయడం మంచిదని సూచించింది. ఆచరణలో విప్ ఆ గీత దగ్గర ఆగలేదు. మామూలు బిల్లుల మీద కూడా విప్ వస్తుంది.

మాట్లాడటం సంగతికి వస్తే, చర్చల్లో సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి కేటాయిస్తారు. ఎవరు మాట్లాడాలో పేర్లు పార్టీయే ఇస్తుంది. ఓటు పార్టీ చెప్పినట్టు, మాట పార్టీ ఇచ్చిన నిమిషాల్లో. అలాంటప్పుడు అభ్యర్థి నా దగ్గరకు వచ్చి "పన్నుల వాటా మీద నేను సభలో ఇలా చేస్తాను" అని ఏ ధైర్యంతో చెబుతారు? "మా నాయకుడిని చూసి ఓటు వేయండి" అనడం తప్ప ఆయనకు వేరే వాక్యం మిగలలేదు. దేశమంతటా వేల మంది అభ్యర్థులు అదే వాక్యం చెబుతుంటే ప్రచారం చప్పగా కాక మరెలా ఉంటుంది? వక్తలు మంచివాళ్ళు కారని, హాస్యం, ఛలోక్తి పోయాయని పెద్దవాళ్ళు అంటుంటారు. అది పైపైన కనిపించేది. చెప్పుకోవడానికి సొంత మాట లేని మనిషికి ఎంత మంచి గొంతు ఉంటే ఏమిటి?

సభ కూడా తక్కువ రోజులే కూర్చుంటోంది. మొదటి లోక్‌సభ సగటున ఏడాదికి 135 రోజులు సమావేశమైంది. 2019 నుంచి 2024 వరకు నడిచిన పదిహేడో లోక్‌సభ ఐదేళ్ళలో మొత్తం 274 రోజులు, అంటే ఏడాదికి 55 రోజులు. పూర్తికాలం నడిచిన లోక్‌సభల్లో ఇంత తక్కువ మరొకటి లేదు. రాజ్యాంగం ఎన్నుకోమన్న ఉపసభాపతిని ఆ ఐదేళ్ళలో ఎన్నుకోలేదు. 2023 డిసెంబరులో రెండు సభల్లో కలిపి 146 మంది సభ్యులను సస్పెండ్ చేశారు. ఐదేళ్ళ పని ఇలా సాగినప్పుడు, మళ్ళీ ఓటు అడగడానికి వచ్చే ఎంపీ చేతిలో చూపించుకోవడానికి ఏముంటుంది? స్థానిక ప్రాంతాభివృద్ధి నిధి కింద ఎంపీకి ఏడాదికి ఐదు కోట్లు ఇస్తారు. మల్కాజిగిరిలో ఓటరుకు పదమూడు రూపాయలు. దాంతో ఒక బస్టాపు పైకప్పు, ఒక బోరు, ఒక కమ్యూనిటీ హాలు. టిఫిన్ బండి ఆవిడ కళ్ళకు కనిపించే ఎంపీ అంతే.

ఆవిడకు కనిపించనిది

రోడ్డు, నీరు, రేషను కార్డు, ఆసుపత్రి, పోలీసు స్టేషను రాష్ట్రానివి. వాటికి ఎమ్మెల్యే కావాలి. రక్షణ, కరెన్సీ, రైల్వేలు, బ్యాంకులు, ఆదాయపు పన్ను కేంద్రానివి. ఈ విభజన రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ఉంది, బడిలో చదువుకున్నాం. కానీ రెండు జాబితాలకూ మధ్య ఒక కాలువ పారుతుంది. దాని పేరు ఆర్థిక సంఘం. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలకు ఎంత, అందులో ఏ రాష్ట్రానికి ఎంత అని ఐదేళ్ళకోసారి సిఫారసు చేసేది అదే.

పద్నాలుగో ఆర్థిక సంఘం రాష్ట్రాలకు పంచే మొత్తంలో తెలంగాణకు 2.437 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 4.305 శాతం ఇచ్చింది. పదిహేనో సంఘం దాన్ని 2.102కు, 4.047కు తగ్గించింది. దశాంశ స్థానాల్లో ఉంది కదా అని తీసిపారేయవద్దు. 2024-25 మధ్యంతర బడ్జెట్లో రాష్ట్రాలకు పంచడానికి చూపిన మొత్తం 12 లక్షల 19 వేల కోట్ల పైచిలుకు. తెలంగాణ వాటాలో తగ్గిన 0.335 శాతం అందులో దాదాపు నాలుగు వేల కోట్లు, అది ఒక్క సంవత్సరానికి. ఆంధ్రకు తగ్గిన 0.258 శాతం మూడు వేల కోట్ల పైమాట. టిఫిన్ బండి ముందున్న గుంతల రోడ్డుకు, ఆవిడ పిల్లలు చదివే ప్రభుత్వ బడికి, ఈ దశాంశాలకు సంబంధం ఉంది.

2026 నుంచి 2031 వరకు ఈ పంపకాన్ని తేల్చడానికి పదహారో ఆర్థిక సంఘాన్ని 2023 డిసెంబరు 31న నియమించారు. దాని పని అప్పుడే మొదలైంది. సరిగ్గా అదే సమయంలో లోక్‌సభ ఎన్నిక వచ్చింది. దక్షిణాది రాష్ట్రాలకు దీనికంటే పెద్ద ఎన్నికల అంశం ఏముంటుంది? నేను వెళ్ళిన రెండు బహిరంగ సభల్లోనూ ఆ ఊసు వినిపించలేదు. విభజన చట్టం సంగతి అంతకంటే మనసును కష్టపెడుతుంది. హైదరాబాదు ఉమ్మడి రాజధానిగా ఉండే పదేళ్ళ గడువు 2024 జూన్ 2న ముగిసింది. మనం వేసిన ఓట్లు అప్పటికి యంత్రాల్లో, స్ట్రాంగ్ రూముల్లో ఉన్నాయి. లెక్కింపు ఇంకా రెండు రోజులకు. ఆ విభజన చట్టం తొమ్మిదో, పదో షెడ్యూళ్ళలోని ఉమ్మడి సంస్థల పంపకం తేలలేదు. రెండు రాష్ట్రాల తెలుగువాళ్ళూ ఒకే రోజు ఓటు వేసి, తమ ఇద్దరి మధ్య ఉన్న లెక్క గురించి ఒక్క మాటా మాట్లాడుకోకుండా ఆ గడువును దాటించారు.

మన దగ్గర లోక్‌సభ ఎన్నిక ఎప్పుడూ ఇలాగే ఉండేదని మాత్రం అనుకోవద్దు. 1984 ఆగస్టులో ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు బర్తరఫ్ చేశారు. జనం వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబరులో ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. డిసెంబరులో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. ఇందిరా గాంధీ హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ వైపు మళ్ళి ఆ పార్టీకి నాలుగు వందలకు పైగా సీట్లు ఇస్తే, ఆంధ్రప్రదేశ్ 42లో 30 సీట్లు తెలుగుదేశానికి ఇచ్చింది. ఒక ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో రెండో పెద్ద పార్టీ అయింది. ఢిల్లీలో జరిగేది మన గడపను ఎలా తాకుతుందో అప్పుడు ప్రతి ఓటరుకూ కళ్ళ ముందు ఉంది. అందుకే ఆ ఎన్నిక చప్పగా లేదు.

2014 కూడా అంతే. ఆ ఫిబ్రవరి 18న లోక్‌సభలో విభజన బిల్లు ఆమోదం పొందుతున్నప్పుడు ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. ఇళ్ళల్లో టీవీల ముందు కూర్చున్నవారు ఊపిరి బిగబట్టారు. అంతకు ముందు వారం సొంత పార్టీని ధిక్కరించినందుకు ఆరుగురు సీమాంధ్ర ఎంపీలను కాంగ్రెస్ బహిష్కరించింది. ఒక వైపు సంబరం, మరో వైపు దుఃఖం. ఎవరికి ఏది దక్కినా, ఎంపీ ఓటు అంటే ఏమిటో ఆ వారంలో తెలుగువాళ్ళందరికీ తెలిసింది. "ఎంపీతో మాకేం పని" అని ఆ నెలలో ఎవరూ అనలేదు. విషయం తెలిస్తే ఓటరు కదులుతాడు. ఓటరుది నిర్లిప్తత అని తీర్మానించేవారితో నేను ఏకీభవించలేకపోవడానికి కారణం ఈ రెండు ఎన్నికలే.

చప్పగా ఉంటే ఎవరికి మేలు?

జర్మనీలో 2009 ఎన్నికల సమయంలో ఒక వ్యూహం గురించి విశ్లేషకులు విస్తృతంగా రాశారు. అధికారంలో ఉన్న అంగెలా మెర్కెల్ పార్టీ ప్రచారాన్ని కావాలనే వేడెక్కనివ్వలేదని, వివాదాస్పద అంశాలను తప్పించుకుందని, ఎదుటి పార్టీ ఓటర్లకు బయటకు రావాలన్న పట్టుదల కలగకుండా చేసిందని. 2005లో 77.7 శాతం ఉన్న పోలింగు ఆ ఎన్నికలో 70.8కి పడిపోయింది. మెర్కెల్ మళ్ళీ గెలిచారు. మన దగ్గర ఇంత లెక్కగా ఎవరైనా చేశారని నేను అనడం లేదు. కానీ ముందంజలో ఉన్నవారికి చర్చ అనవసరపు ప్రమాదంగా కనిపిస్తుందన్న సూత్రం ఎక్కడైనా ఒకటే. 2024 మేలో విశ్రాంత న్యాయమూర్తులు మదన్ లోకూర్, అజిత్ షా, సీనియర్ పాత్రికేయుడు ఎన్. రామ్ కలిసి ప్రధాని మోదీని, రాహుల్ గాంధీని ఒకే వేదిక మీద చర్చకు రమ్మని లేఖ రాశారు. రాహుల్ సరేనన్నారు. చర్చ జరగలేదు. ఇప్పటివరకు ఏ లోక్‌సభ ఎన్నికలోనూ ప్రధాని పదవికి పోటీపడేవారు ఎదురెదురుగా కూర్చుని దేశం చూస్తుండగా వాదించుకోలేదు. నియోజకవర్గం స్థాయిలోనైనా అలాంటి వేదిక ఉంటే ఎంత బాగుండేది!

ఏకపక్షంగా ఉండే సీట్లలో ఉత్సాహం తక్కువగా ఉంటుందని ఒక వాదన ఉంది. కొంతవరకు నిజమే. హైదరాబాదు సీటు 1984 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. 2024లో ఆధిక్యం మూడు లక్షల 38 వేలు. కానీ గట్టి పోటీ ఉన్న పక్కనే ఉన్న సికింద్రాబాదులో కూడా పోలింగు సగం దాటలేదు. కాబట్టి ఆ వాదన ఒక్కటే చాలదు.

ఓటరుకు ఎంపికే లేకుండా పోయిన చోట్లు మరింత బాధాకరం. సూరత్‌లో ప్రధాన ప్రత్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురై, మిగతావారు ఉపసంహరించుకోవడంతో 2024 ఏప్రిల్ 22న అభ్యర్థి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. అక్కడ ఓటర్ల వేలికి సిరా అంటలేదు. ఇండోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి చివరి రోజు పోటీ నుంచి తప్పుకున్నారు. అక్కడి ఓటర్లు 2 లక్షల 18 వేల మందికి పైగా నోటా మీట నొక్కారు. నోటా రెండో స్థానంలో నిలిచింది. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన నోటాకు ఫలితాన్ని మార్చే శక్తి లేదు. అందరికంటే ఎక్కువ నోటాకే వచ్చినా తర్వాతి అభ్యర్థే గెలిచినట్టు. ఫలితం మారదని తెలిసి కూడా ఎండలో వరుసలో నిలబడి ఆ మీట నొక్కిన రెండు లక్షల మందిని నేను గౌరవిస్తాను. విసుగు పుట్టి ఇంట్లో కూర్చున్నవాడు చెప్పలేని మాట వాళ్ళు చెప్పారు.

అన్ని ఎన్నికలూ ఒకేసారి పెడితే ఈ సమస్య తీరుతుందని ఇప్పుడు వినిపిస్తోంది. 1967 దాకా చాలావరకు అలాగే జరిగాయి. రామ్‌నాథ్ కోవింద్ కమిటీ 2024 మార్చిలో దాన్ని సిఫారసు చేసింది. ఆ డిసెంబరులో రాజ్యాంగ సవరణ బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చింది. ఖర్చు, పరిపాలన సంగతులు వేరే. నా ప్రశ్న ఒక్కటే. పోలింగు శాతం పెరుగుతుంది, ఆంధ్ర 81 శాతం చూశాం కదా. లోక్‌సభ గురించి మాట పెరుగుతుందా? ఆంధ్ర అనుభవం పెరగదనే చెబుతోంది. 2018లో తెలంగాణ శాసనసభ ముందే రద్దయి రెండు ఎన్నికలు వేరుపడ్డప్పుడు, ఎంపీ ఎన్నికను ఎంపీ ఎన్నికగా చూసే అవకాశం మనకు వచ్చింది. దాన్ని వాడుకోలేకపోయాం. నా అభిప్రాయంలో మారవలసినది తేదీ కంటే ముందు విప్. ప్రభుత్వం నిలుస్తుందా పడుతుందా అన్న ఓటింగుకు, బడ్జెట్‌కు మాత్రమే విప్ వర్తించాలి. మిగతా బిల్లుల మీద సభ్యుడు తన ఓటర్లకు జవాబు చెప్పుకునే పరిస్థితి రావాలి. అప్పుడు అభ్యర్థికి సొంత మాట ఉంటుంది, ఆ మాట కోసం మనం వీధిలో ఆపి అడుగుతాం.

ఆగిపోయిన జనగణనకు ఇప్పుడు 2027 మార్చి 1ని గణన తేదీగా ప్రకటించారు. అది పూర్తయితే సీట్ల పునర్విభజనకు దారి తెరుచుకుంటుంది. 2023లో చేసిన మహిళా రిజర్వేషన్ సవరణ అమలు కూడా దానికే ముడిపడి ఉంది. అంటే నా కాగితం మీది రెండో ప్రశ్న వచ్చే ఎన్నిక నాటికి గుమ్మంలోనే ఉంటుంది. కాగితాన్ని సొరుగులోంచి తీశాను. మూడు ప్రశ్నలనూ అలాగే ఉంచి కింద నాలుగోది రాశాను: "పునర్విభజన బిల్లు సభకు వచ్చిన రోజు మీ పార్టీ విప్ ఒక దారి, మన రాష్ట్రం మేలు ఒక దారి అయితే మీ ఓటు ఎటు?"